వదినగారి పెరట్లో ఆమ్‌స్టర్‌డామ్

ఏలూరు, రామచంద్రరావుపేట
ఆగస్టు 3

వదిన రత్నమాణిక్యం గారికి,

ఆడపడుచు బాలాత్రిపురసుందరి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరూ, మా అన్నయ్య పాండురంగారావూ జూన్ నాటి విమానపు బడలిక తీరి క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మనం ఒకే బెంచీ మీద కూర్చుని బి.ఎస్సీ. చదివాం. మీరు మా అన్నయ్యను పెళ్ళి చేసుకుని నాకు వదిన అయిన తరవాత కూడా నేను మిమ్మల్ని "నువ్వు" అనే పిలుస్తూ వచ్చాను. ఈ ఉత్తరంలో "మీరు" అంటున్నాను. కారణం మీకే తెలియాలి. తెలియకపోతే చెబుతాను.

మన వయోధిక మహిళా చర్చావేదిక కార్యదర్శి లక్ష్మీదుర్గ నిన్న మా ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చుంది. ఆమె అంచున కూర్చుందంటే చెడ్డవార్త తెచ్చిందన్నమాట.

"ఈసారి మన వార్షిక చర్చకి విషయం గంజాయండి, మేడమ్. అంటే తాగడం గురించి కాదండి. కొన్ని దేశాల్లో చట్టం సడలించారు కదండీ, దానికోసమే జనం అక్కడికి టూర్లు వెళ్తున్నారు కదండీ, అది మంచిదా కాదా అనండి," అంది.

సంతోషం, ప్రారంభోపన్యాసానికి ఇవాళే సిద్ధమవుతానన్నాను.

"అదేనండి... ఈసారి ప్రారంభోపన్యాసం తాడేపల్లిగూడెం రత్నమాణిక్యంగారిదండి. ఆవిడ ఆమ్‌స్టర్‌డామ్ కళ్ళారా చూసొచ్చారు కదండీ," అంది.

వదినగారూ, ఆ వేదిక పుట్టిన నాటి నుంచీ ప్రారంభోపన్యాసం నాది. ముప్పై మూడేళ్ళు కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన దానిని. థాయిలాండు తలుపులు బార్లా తెరిచి, తరవాత వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని ఎందుకు మూసుకోవలసి వచ్చిందో నేను చెప్పగలను. ఆమ్‌స్టర్‌డామ్ పాతవీధుల్లో పొగ తాగరాదని ఎందుకు బోర్డులు పెట్టారో చెప్పగలను. ఇదంతా ఏలూరు దాటకుండా, చదివి తెలుసుకున్నాను. మీరు రైసుమిల్లర్ల బృందంతో పులిహోర పొట్లాలు మోసుకుంటూ వారం రోజులు తిరిగి వచ్చారు. కళ్ళతో చూసినంత మాత్రాన తెలిసినట్టా? కొల్లేటి చేప పుట్టిన దగ్గర నుంచీ నీళ్ళనే చూస్తుంది. దాన్ని పిలిచి జలశాస్త్రం మీద ఉపన్యాసం పెట్టించమనండి.

ఇది అసూయ అని మీరు భ్రమపడవద్దు. అసూయ సమానుల మధ్య పుట్టేది.

ఇట్లు,
బాలాత్రిపురసుందరి, ఎం.ఎస్సీ., ఎం.ఫిల్.

తా.క.: మన వాట్సాప్ గుంపులో మీ ఫొటో చూశాను. కంచిపట్టు చీర, తెల్లబూట్లు, వెనకాల ఒక దుకాణం, దుకాణం బోర్డు మీద వేళ్ళు చాచిన పచ్చటి ఆకు. ఆ ఫొటోకి నలభై ఒక్క బొటనవేళ్ళు వచ్చాయి. నేను లెక్కపెట్టలేదు, కంటబడింది. అందులో నాది లేదు. ఆ ఆకును గోంగూర అనుకుని అంత నవ్వు నవ్వి ఉంటారు, పాపం.


తాడేపల్లిగూడెం
ఆగస్టు 8

చిరంజీవి సుందరికి,

మీ వదిన ఆశీర్వదించి రాసేది. నాకంటే నెలల్లో నువ్వే పెద్దదానివని నాకూ తెలుసు. అయినా వరసకి పెద్దదాన్ని కదా, ఆశీస్సులు పుచ్చుకో.

నువ్వు "మీరు" అన్నావని నీ ఉత్తరం పైకి చదివేసరికి మీ అన్నయ్య భోంచేస్తున్నవారు చెయ్యి ఆపేశారు. "మా చెల్లి నిన్ను మీరు అందా? పెంటపాడు పొలంలో వాటా అడుగుతుందేమోనే," అన్నారు. కాదండీ, ఉపన్యాసంలో వాటా అడుగుతోంది అన్నాను. "అదైతే పొలమే నయం," అని మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

ఆ ఉపన్యాసం నేనడగలేదే తల్లీ. లక్ష్మీదుర్గే ఫోను చేసి "చూసినవాళ్ళు కావాలండి" అంది. చూసిన మాట నిజం. మన కొల్లేటి ఆటపాకకి గూడబాతులు దిగినట్టు దిగుతున్నారు జనం ఆ ఊళ్ళో. తేడా ఏమిటంటే, గూడబాతులు గూటికి దారి మర్చిపోవు. మన బస్సులో వచ్చిన మిల్లరు సుబ్బరాజుగారు "ఓ కాఫీ తాగొస్తానండి" అని గంజాయి అమ్మే అక్కడి కాఫీ షాపులో దూరి సాయంత్రానికి గాని రాలేదు. వచ్చి, డ్రైవరు భుజం మీద చెయ్యేసి తన గట్టు తగాదా మొదటి నుంచీ చివరిదాకా తెలుగులో చెప్పి ఏడ్చారు. ఆశ్చర్యమేమిటంటే ఆ డచ్చి డ్రైవరూ ఏడ్చాడు.

అక్కడొక ముసలామె ఉంది. తన ఇంటి అద్దానికి "మెట్ల మీద కూర్చోకండి" అని కాగితం అంటించుకుంది. కుండీలో పూలు బాగున్నాయమ్మా అని గైడు చేత చెప్పించాను. "చట్టం మేము మాకోసం సడలించుకున్నాం. వాడుకుంటున్నది మీరు. నా మెట్లు నాకు లేకుండా పోయాయి," అంది. రాత్రికి గదిలో అదే తలుచుకున్నాను. నువ్వుంటే దానికేదో మంచి జవాబు చెప్పేదానివి.

ఇక ఆ బోర్డు మీద ఆకంటావా? నువ్వంతటిదానివి గోంగూర అన్నాక నేను కాదంటానా? అక్కడి పూలబజారులో అదే ఆకు బొమ్మేసిన గింజల పొట్లాలు బాహాటంగా అమ్ముతారు, తెలుసా! నేను ఇల్లు చేరగానే పెరట్లో మళ్ళు కట్టి గింజలు చల్లాను. ఈ వానలకి నడుమెత్తు వచ్చింది.

ఇట్లు,
నీ వదిన రత్నమాణిక్యం

తా.క.: పక్కింటి మంగాయమ్మగారబ్బాయి గోపీనాథ్ లేడూ, ఎక్సైజు ఇన్‌స్పెక్టరు? గోడమీంచి చూసి "ఏపుగా ఉందండి అత్తయ్యగారూ, నాకో కట్ట ఇద్దురూ," అన్నాడు. ఇచ్చాను.


ఏలూరు
ఆగస్టు 12

వదిన రత్నమాణిక్యం గారికి,

ఈ ఉత్తరం చదివిన వెంటనే చింపివేయండి. చింపిన ముక్కలను కూడా ఒకేచోట పారవేయవద్దు.

మీ పెరట్లో నడుమెత్తు పెరిగినది గోంగూర కాదు. మీరు ఆ పూలబజారులో కొని, సముద్రాలు దాటించి తెచ్చి చల్లినది సాక్షాత్తూ గంజాయి. రెండింటి ఆకులకూ దూరపు పోలిక ఉంటుంది. నా విద్యార్థులే పొరబడేవారు. అందుకే ప్రతి సంవత్సరం మొదటి తరగతిలో "ఆకును చూడకుండా పేరు పెట్టకండి. చూసిన తరవాత కూడా ఒకసారి ఆలోచించండి" అని చెప్పేదాన్ని. మీరు ఆ తరగతిలో లేకపోవడం మీ దురదృష్టం.

మన దేశంలో ఆ మొక్కను పెంచితే పదేళ్ళ వరకూ కఠిన కారాగారశిక్ష. ఆ పెరడు మా అన్నయ్య పేరు మీద ఉంది. ఆయన నేలమీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. జైలులో ఎవరు లేపుతారు? ఆమ్‌స్టర్‌డామ్‌లో గడపదాటి తిరిగే సరుకు తాడేపల్లిగూడెంలో గడపదాటితే బేడీలు. ఒకే మొక్క, రెండు దేశాలు, రెండు న్యాయాలు. ఇది చక్కటి ప్రారంభవాక్యం అవుతుంది. మీరు వాడుకోవద్దు.

కనుక మీరు చేయవలసినవి ఇవి. ఆ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకించండి. తరవాత అనారోగ్యమని లక్ష్మీదుర్గకు కబురు చేసి ఉపన్యాసం నుంచి తప్పుకోండి. స్వయంగా సాగు చేస్తున్న వ్యక్తి ఆ చట్టం మీద నిష్పక్షపాతంగా మాట్లాడజాలదు కదా! మీరు తప్పుకుంటే ఆ భారం నేను మోస్తాను. పెరటి సంగతి గురించి మౌనంగానూ ఉంటాను.

దీన్ని బెదిరింపు అనుకోకండి. హితవు అనుకోండి.

ఇట్లు,
మీ మేలుకోరే ఆడపడుచు,
బాలాత్రిపురసుందరి

తా.క.: ఆ ఇన్‌స్పెక్టరు కట్టను ఏం చేశాడు?


తాడేపల్లిగూడెం
ఆగస్టు 18

చిరంజీవి సుందరికి ఆశీస్సులు.

ఆమ్‌స్టర్‌డామ్ మీద కుళ్ళావు, పోనీలే అనుకున్నాను. బొటనవేళ్ళ మీద కుళ్ళావు, సరే అనుకున్నాను. చివరికి నా పెరటి మీద కూడానా సుందరీ! నా మళ్ళో ఆకు నీ కంట్లో గుచ్చుకుందా?

గోపీనాథ్ సంగతి అడిగావు కదా. వాళ్ళమ్మ పప్పులో వేసి పెడితే, రెండోసారీ మూడోసారీ కలుపుకుని తిన్నాడట. తిన్నవాడు మళ్ళీ ఆఫీసుకి వెళ్ళలేక చాపమీద అలా వాలి సాయంత్రందాకా లేవలేదట. లేచి "ఇంకా ఉందా అమ్మా?" అన్నాడట. మంగాయమ్మగారు గోడమీంచి చెప్పి ఒకటే నవ్వు.

నువ్వు పీకమన్నావని సగం పీకించాను. పీకినదాన్ని పారేస్తానా? ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి దట్టించి పచ్చడి నూరాను. వీధంతా పంచాను. రైల్వే క్వార్టర్ల దాకా వెళ్ళింది. నీకూ ఓ సీసా ఆర్టీసీ పార్సిల్లో వేయించాను, విడిపించుకో.

ఈ కవరు లోపల ఇంకో చిన్న కవరుంది. అందులో ఆకు పెట్టాను, మన కాలేజీలో నొక్కినట్టే పాత పేపర్ల మధ్య నొక్కి. విప్పి చూసి అదేమిటో నువ్వే చెప్పు. చెప్పేవరకూ నేను ఒక్క ముక్క మాట్లాడను.

ఉపన్యాసం మాత్రం మానను. నీలం ధర్మవరం ఇస్త్రీకిచ్చాను.

ఇట్లు,
నీ వదిన

తా.క.: సుబ్బరాజుగారు కూడా ఓ సీసా పట్టుకెళ్ళారు. ఈసారి ఏడవలేదు.


ఏలూరు
ఆగస్టు 27

వదిన రత్నమాణిక్యం గారికి,

మీరు పంపిన చిన్న కవరు అందింది. దానిని నేను తెరవలేదు. పట్టకారుతో పట్టుకుని, గ్యాసు పొయ్యి మీద కాల్చి, బూడిద తులసికోటలో కాదు, మురుగుకాలువలో వదిలాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నా మీద ఒక మచ్చ లేదు.

సీసా సంగతి అంత సులువుగా తేలలేదు. మా వీధి చివర పరుపుల దుకాణం అబ్దుల్ జబ్బార్ గారు ఆ మరునాడు కైకలూరు బేరానికి వెళుతుంటే ఇచ్చి, కొల్లేరు వంతెన దాటేటప్పుడు లోతుగా ఉన్నచోట పారవేయమన్నాను.

"పచ్చడాండీ?" అన్నారు.

"ప్రశ్నలు వద్దండీ," అన్నాను.

ఆయన వెళ్ళిన తరవాత గూడబాతులు గుర్తుకు వచ్చాయి. అవి ఆ పచ్చడి తిని దారితప్పి ఎక్కడ తేలతాయోనని రోజంతా నాకు మనసు మనసులో లేదు. తిరిగివచ్చిన జబ్బార్ గారు గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టారు.

"తినేది నీళ్ళలో పారేస్తే పాపం కదండీ అమ్మగారూ! కైకలూరులో మా బావగారింట్లో నేనూ, మా అక్క రేష్మా, పిల్లలూ వేడన్నంలో కలుపుకుని తిన్నామండి. అంత ఆకలి నా జన్మలో వెయ్యలేదండి. తిని పడుకుంటే సాయంత్రం ఆసరు నమాజుకి మా బావగారు లేపాల్సొచ్చిందండి. ఇంకో సీసా ఉంటుందాండీ?"

విపరీతమైన ఆకలి, కారణంలేని నవ్వు, గాఢనిద్ర, ఇంకా కావాలనే కోరిక. ఏ పుస్తకం తెరిచినా గంజాయి లక్షణాలు ఇవే. అక్కడ ఇన్‌స్పెక్టరు, ఇక్కడ ఒక నిర్దోషి కుటుంబం. ఇక మౌనం నేరమని లక్ష్మీదుర్గను పిలిచి, పరమ రహస్యంగా చెప్పాను. ఉపన్యాసం ఎవరికి ఇవ్వాలో ఆమే నిర్ణయించుకుంటుందని అనుకున్నాను. "ఛఛ, నేనెవరికి చెప్తానండీ మేడమ్!" అంది. ఈసారి సోఫాలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. అప్పుడే నాకు భయం పట్టుకోవలసింది.

గంట తిరగకుండా గుంపులో సందేశం వచ్చింది: "మన సభ్యురాలు ఒకరి పెరట్లో నిషేధిత మొక్కలు. దయచేసి పేరు అడగవద్దు. ఊరు తాడేపల్లిగూడెం."

వదినా, పీకెయ్యి. సగం కాదు, మొత్తం పీకెయ్యి. అన్నయ్యను ఆ పెరట్లోకి అడుగు పెట్టనివ్వకు. ఎవరొచ్చి అడిగినా గింజలు నేనే ఇచ్చానని చెప్పు. వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, పరిశోధనకని నమ్ముతారు. నాకెవరున్నారు, నేను జైలుకెళితే తాళం వేసుకుని వెళ్ళడమే కదా. ఉపన్యాసం నీకే వదిలేశాను, మొత్తం నువ్వే మాట్లాడు, నేను రెండో వరసలో కూర్చుంటాను. ఫోనులు ఎవరు వింటున్నారో తెలియదు కనుక స్పీడ్‌పోస్టు చేస్తున్నాను.

ఇట్లు,
సుందరి

తా.క.: చివర్లో "నువ్వు" అని రాసినది తొందరలో జరిగింది. దిద్దడానికి వ్యవధి లేదు.


తాడేపల్లిగూడెం
సెప్టెంబరు 2

సుందరికి,

మొన్న పొద్దున్న గోపీనాథ్ యూనిఫాం వేసుకుని, ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని ఈసారి గోడమీంచి కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చాడు. మన గుంపులో సందేశం ఎవరెవరి చేతుల్లోనో తిరిగి వాళ్ళ పై ఆఫీసరు దాకా వెళ్ళిందట. మళ్ళ దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, నేను పప్పులో తిన్నదాన్ని నేనే సీజ్ చెయ్యాలాండీ?" అన్నాడు, మొహం ఇంత చేసుకుని.

పెద్ద కానిస్టేబులు ఓ ఆకు తుంచి నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. అందరం ఆయన్నే చూస్తున్నాం. "ఎర్ర గోంగూరండి. పులుపు బాగా ఎక్కిందండి," అన్నాడు. రిపోర్టులో అదే రాసుకుని, తలా రెండు కట్టలు పట్టుకుని వెళ్ళారు.

అవును సుందరీ, గోంగూరే. మన గూడెం సంతలో కొన్న గింజలే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేను తెచ్చినవి ఫ్రిజ్జుకి అంటించే బిళ్ళ ఒకటి, కాళ్ళనొప్పులు రెండు.

గోంగూర అన్నమాట ముందు అన్నది నువ్వు, నీ మొదటి ఉత్తరం తా.క.లో. ఆ బోర్డు మీదిది ఏ ఆకో తెలిసే దాని ముందు నిలబడ్డాను. నువ్వు నన్ను అంత తక్కువ చేశాక నాకు ఒళ్ళు మండింది. "అక్కడ గింజలు అమ్ముతారు" అని ఒక వాక్యం రాశాను. "పెరట్లో గింజలు చల్లాను" అని పక్కనే ఇంకోటి రాశాను. రెండూ నిజాలే. ముడేసింది నువ్వు.

తరవాత పోనీలే అని ఆకే పంపాను. విప్పి ఉంటే ఆ క్షణమే తెలిసేది నీకు. చూడకుండా పేరు పెట్టొద్దని ముప్పై మూడేళ్ళు చెప్పినదానివి, పట్టకారుతో కాల్చావు!

ఫైనలియరు ప్రాక్టికల్సు గుర్తున్నాయా? గంజాయి ఆకూ గోంగూరాకూ బొమ్మలు గీసి తేడాలు రాయమన్నారు. నీకంటే నాకు రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. ఆ ఎండాకాలమే నా పెళ్ళయింది. నువ్వు ఎం.ఎస్సీ.కి వెళ్ళావు, నేను పెంటపాడులో కళ్ళం కాపలాకి వెళ్ళాను. మీ అన్నయ్య మంచివారు, ఆ లోటు లేదు. కానీ ఏటేటా నువ్వు మైకు ముందు నిలబడి మాట్లాడుతుంటే నేను రెండో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేదాన్ని. ఆ చప్పట్లలో ఎంత కుళ్ళుండేదో నీకు తెలీదు. అసూయ సమానుల మధ్య పుడుతుందని నువ్వే రాశావుగా. మరి నాకు అప్పటినుంచీ ఉంది.

నా ఉపన్యాసం సిద్ధమైంది. ఆ ముసలామె దేశంలో చట్టం సడలిస్తే ఎవరెవరో వచ్చి ఆమె మెట్లు లాక్కున్నారు. మన దగ్గర చట్టం బిగించి ఉంది, మంచిదే. కానీ గిట్టని కంటికి గోంగూర కూడా గంజాయిలాగే కనిపిస్తుంది. నా పెరటికి పోలీసులను తెచ్చింది మొక్క కాదు, కన్ను. పేరు చెప్పనులే. "ఏలూరులో ఒక విశ్రాంత అధ్యాపకురాలు" అంటాను. ఏలూరు పెద్ద ఊరు కదా.

ఇట్లు,
నీ వదిన రత్నమాణిక్యం

తా.క.: "గింజలు నేనే ఇచ్చానని చెప్పు" అన్నచోట మీ అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు, నాకు కళ్ళజోడు లేదు. "ఉపన్యాసం నీకే వదిలేశాను" అన్న పేజీ మాత్రం సంతకంతో సహా బీరువాలో దాచాను. ఈసారి కూడా ఆకు పంపుతున్నాను. పట్టకారు జోలికి పోకు.


ఏలూరు
సెప్టెంబరు 7

వదినకు,

సుందరి వ్రాయునది. ఉత్తరమూ, ఆకూ అందాయి. కవరు తెరిచాను.

నువ్వు నన్ను మోసగించిన పద్ధతి నీచంగా ఉన్నది. వాక్యనిర్మాణం మాత్రం నిర్దుష్టంగా ఉన్నది. ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ మళ్ళీ చదివాను, ఒక్క అబద్ధం దొరకలేదు.

నీ ప్రారంభోపన్యాసం తరవాత నేను మాట్లాడతానని లక్ష్మీదుర్గకు చెప్పాను. చట్టం ఎందుకు బిగించి ఉండాలో, దాన్ని ఎటువంటి కళ్ళకు అప్పగించకూడదో కూడా చెబుతాను. తరవాత మాట్లాడినవారినే జనం గుర్తుపెట్టుకుంటారు. ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండవలసింది. ఇక ఆ రెండు మార్కులూ నువ్వు బొమ్మ అందంగా గీసినందుకు ఇచ్చినవి, తేడాలు బాగా రాసినందుకు కాదు. అప్పుడే మాస్టారి ఇంటికి వెళ్ళి అడిగి తెలుసుకున్నాను.

జబ్బార్ గారు రోజూ గుమ్మంలోకి వచ్చి నవ్వి వెళుతున్నారు. సీసా పంపు. రెండు పంపు. ఒకటి ఆయనకు.

ఇట్లు,
సుందరి

తా.క.: నీ ఆకును అట్ట మీద కుట్టి, కళాశాలలో చేసినట్టు చీటీ అంటించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పేరు: గోంగూర. దొరికిన చోటు: తాడేపల్లిగూడెం, మా వదిన పెరడు. సేకరించినవారు: రత్నమాణిక్యం, బి.ఎస్సీ. గుర్తించినవారు: రత్నమాణిక్యం, బి.ఎస్సీ. మామూలుగా చీటీ అక్కడితో అయిపోతుంది. నేను స్కేలు పెట్టి కింద ఇంకొక గడి గీశాను: "చూడకుండా పేరు పెట్టినవారు." అందులో నా పేరు ఉంది, డిగ్రీలన్నిటితో సహా. దీన్ని ఫొటో తీసి గుంపులో పెట్టు. మొదటి బొటనవేలు నాది.